ఇరవై నాలుగేళ్లకే ముసలితనమా?

2024 నవంబరు 2న లండన్‌లోని ఓ2 అరీనాలో లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే వీడియో గేమ్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. ఒకవైపు దక్షిణ కొరియా జట్టు టీ1, ఎదురుగా చైనా జట్టు బిలిబిలి గేమింగ్. ఐదు ఆటల్లో మూడు గెలిచినవాళ్లదే కప్పు. మూడు ఆటలు ముగిసేసరికి టీ1 1-2తో వెనకబడి ఉంది. నాలుగో ఆటనూ ఐదో ఆటనూ మలుపు తిప్పినవాడు లీ సాంగ్-హ్యోక్. ఫేకర్ అన్న ఆటపేరుతోనే లోకానికి అతను తెలుసు. టీ1 కప్పు గెలిచింది, ఫైనల్లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అతనికి దక్కింది. అప్పటికి అతని వయసు 28. మొదటి ప్రపంచ టైటిల్ గెలిచింది 2013లో, 17 ఏళ్లకు. తర్వాత 2015, 2016, 2023, ఇప్పుడు 2024. మరుసటి ఏడాది చెంగ్డూలో ఆరోది కూడా అతని ఖాతాలో చేరింది. ఈ ఆటలో మరెవరికీ అన్ని ప్రపంచ టైటిళ్లు లేవు.

28 అంటే క్రికెట్‌లో బ్యాటరు మంచి ఊపు మీద ఉండే ఈడు. పోటీగా ఆడే వీడియో గేముల్లో, అంటే ఈ-స్పోర్ట్స్‌లో మాత్రం 25 దాటిన ప్రతి ఆటగాణ్నీ విలేకరులు రిటైర్మెంట్ గురించే అడుగుతారు. దానికి అందరూ చెప్పే కారణం ఒకటే: వేళ్ల చురుకు తగ్గిపోతుంది, కంటికీ చేతికీ మధ్య వేగం పడిపోతుంది, పదిహేడేళ్ల కుర్రాడి ముందు నిలవలేరు. ఈ మాట ఎంతగా స్థిరపడిందంటే ఆటగాళ్లూ నమ్ముతారు, కోచ్‌లూ నమ్ముతారు, పిల్లల్ని ఈ దారిలోకి పంపాలా వద్దా అని తర్జనభర్జన పడే తల్లిదండ్రులూ నమ్ముతారు. ఈ నమ్మకంలో సగం నిజం ఉంది. స్పందన వేగం యవ్వనంలోనే తగ్గడం మొదలవుతుంది, అది కొలతల్లో తేలిన విషయం. అయితే ఆ తగ్గుదల ఒక కెరీర్‌ను ముగించేంత పెద్దది కాదనీ, ఈ ఆటగాళ్లు తొందరగా తప్పుకోవడానికి అసలు కారణాలు శరీరం మీద పడే భారంలోనూ వృత్తి నిర్మాణంలోనూ ఉన్నాయనీ ఈ అధ్యాయంలో నా వాదన.

చేతి పని, చూపు పని

ముందు ఈ ఆటలో చేతులు చేసే పనేమిటో, బుర్ర చేసే పనేమిటో విడదీసి చూడాలి. జట్టుకు ఐదుగురు. మైదానంలో మూడు దారులు, వాటి మధ్య అడవి. ప్రతి దారిలోనూ అర నిమిషానికోసారి చిన్న సైనికుల దండు దానంతటదే నడుచుకుంటూ వస్తుంది. ఆటగాళ్లు వాళ్లను మినియన్లంటారు. వాళ్లను చంపితే బంగారం, బంగారంతో ఆయుధాలు, ఆయుధాలతో ఎదుటివాళ్ల బురుజులు కూల్చడం, చివరికి వాళ్ల స్థావరాన్ని పగలగొట్టడం. ఆటగాడు 160కి పైగా పాత్రల్లోంచి ఒకదాన్ని ఎంచుకుంటాడు. ప్రతి పాత్రకూ దాని శక్తులు, వాటి దూరాలు, ఒకసారి వాడాక మళ్లీ సిద్ధమవడానికి పట్టే వ్యవధులు వేరు. సొంత జట్టు మనుషులు ఉన్నచోట, కాపలా పెట్టినచోట మాత్రమే మైదానం కనిపిస్తుంది. మిగిలినదంతా మసక. ఎదుటి జట్టువాడు ఆ మసకలో ఎక్కడున్నాడో, ఏ దారి పట్టాడో, ఎన్ని సెకన్లలో మీద పడతాడో ఊహించాల్సిందే. అరగంట సాగే ఆటలో రెప్పపాటు ద్వంద్వాలు కొన్నే. ఎక్కడుండాలి, ఎప్పుడు కదలాలి, ఏది వదులుకోవాలి అన్న నిర్ణయాలు వందల్లో ఉంటాయి.

రెప్పపాటు ద్వంద్వమంటే ఎలా ఉంటుందో చూడాలంటే 2013 కొరియా వేసవి ఫైనల్‌ను మించిన ఉదాహరణ లేదు. ఫేకర్ జట్టు ఎస్‌కే టెలికాం టీ1 (ఇప్పటి టీ1), కేటీ బుల్లెట్స్ జట్ల మధ్య చెరి రెండు ఆటలయ్యాక, ఐదో ఆటలో ఫేకరూ, ఎదుటి జట్టు ఆటగాడు ర్యూ ఇద్దరూ జెడ్ అన్న ఒకే పాత్రను తీసుకున్నారు. జెడ్ నీడల మాంత్రికుడు. నీడను ఒకచోట వదిలి, మరుక్షణంలో దానితో చోటు మార్చుకోగలడు. ఫేకర్ ప్రాణం బాగా తగ్గి ఉన్నప్పుడు ర్యూ అతని మీద పడ్డాడు. చూస్తున్నవాళ్లు ఫేకర్ పని అయిపోయిందనుకున్నారు. కొన్ని సెకన్ల వ్యవధిలో నీడ నుంచి నీడకు మారి, తన మీద పడ్డ దెబ్బను వదిలించుకుని, ఎదురు కొట్టి ఫేకర్ ప్రాణాలతో మిగిలాడు, ర్యూ పాత్ర నేలకొరిగింది. ఈ-స్పోర్ట్స్‌లో యవ్వనం అంటే జనం మనసులో మెదిలేది ఇటువంటి దృశ్యమే. వయసు గురించిన నమ్మకమంతా దాని మీదే నిలబడింది కూడా.

కొలతలు ఏం చెబుతున్నాయి?

స్పందన కాలం అంటే తెర మీద మార్పు కనిపించిన క్షణం నుంచి వేలు మీట నొక్కిన క్షణం దాకా పట్టే సమయం. వెలుగు కనిపించగానే నొక్కడం వంటి తేలిక పనికి ఆరోగ్యవంతుడైన యువకుడికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ సమయంలో కంటి తెర మీద పడ్డ వెలుగు నాడీ సంకేతంగా మారాలి, అది మెదడు వెనుక భాగంలోని దృశ్య కేంద్రానికి చేరాలి, చేసే పని నిర్ణయం కావాలి, ఆజ్ఞ వెన్నుపాము మీదుగా వేలి కండరాలకు అందాలి. బ్రిటన్‌లో సుమారు ఏడు వేలమంది పెద్దవాళ్ల మీద సేకరించిన కొలతలను జెఫ్ డెర్, ఇయన్ డియరీ 2006లో విశ్లేషించారు. ఒకే సంకేతానికి ఒకే మీట నొక్కే తేలిక పనిలో దాదాపు 50 ఏళ్లు వచ్చేదాకా పెద్ద తేడా కనబడలేదు. నాలుగు సంకేతాల్లో ఏది వచ్చిందో చూసి తగిన మీట నొక్కాల్సిన పనిలో మాత్రం యవ్వనం నుంచే నెమ్మది మొదలై వయసుతోపాటు పెరుగుతూ పోయింది. ఎంపిక ఉన్నచోట వయసు ముందుగా తెలుస్తుందన్నమాట. ఈ-స్పోర్ట్స్ అంతా ఎంపికే కాబట్టి పాత నమ్మకానికి ఇది బలమిచ్చే ఆధారమే.

దానికంటే సూటి ఆధారం కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. జోసెఫ్ థాంప్సన్, మార్క్ బ్లెయిర్, ఆండ్రూ హెన్రీ 16 నుంచి 44 ఏళ్ల మధ్య వయసున్న 3,305 మంది, స్టార్‌క్రాఫ్ట్ 2 అన్న వ్యూహాత్మక వీడియో గేమ్ ఆటగాళ్ల ఆటల రికార్డులు తీసుకున్నారు. ఆటగాడు మైదానంలోని కొత్త చోటికి చూపు మార్చినప్పటి నుంచి అక్కడ మొదటి ఆజ్ఞ ఇచ్చేదాకా ఎంత సమయం పట్టిందో లెక్కగట్టారు. 2014లో వెలువడిన ఫలితం పేరుమోసింది: ఈ వ్యవధి 24 ఏళ్ల ప్రాంతం నుంచే పెరగడం మొదలవుతుంది. 24 ఏళ్లవాడికీ 39 ఏళ్లవాడికీ మధ్య తేడా సుమారు 150 మిల్లీసెకన్లు. ఆటలో నేర్పు ఎక్కువున్నవాళ్లకు ఈ తగ్గుదల నుంచి మినహాయింపు ఉంటుందేమోనని కూడా చూశారు. అటువంటి రక్షణేదీ కనబడలేదు. సాధన ఎంత చేసినా వయసు తన వాటా తీసుకుంటుంది.

ఇక్కడిదాకా చదివి ఆగిపోయినవాళ్లకు 24 ఏళ్లకు ఆట ముగిసినట్టే అనిపిస్తుంది. ఈ అధ్యయనానికి పత్రికలు ఇచ్చిన ప్రచారమూ అలాగే సాగింది. కానీ ఆ అంకెలను ఇంకొంచెం నిదానంగా చూడాలి. పదిహేనేళ్లలో 150 మిల్లీసెకన్లంటే సగటున ఏడాదికి 10. తెర మీద బొమ్మ సెకనుకు 60 సార్లు మారితే ఒక్కో బొమ్మ నిలిచేది దాదాపు 17 మిల్లీసెకన్లు. ఏడాది వయసు తీసుకునేది అందులో ఒక్క బొమ్మ కాలం కూడా కాదు. హైదరాబాద్‌లో కూర్చుని ముంబయి సర్వరులో వాలొరంట్ ఆడే కుర్రాడికి నెట్ లైను దారిలోనే పదుల మిల్లీసెకన్లు పోతాయి. ఆ నష్టంతోనే వేలమంది ఆడుతున్నారు, గెలుస్తున్నారు కూడా. నష్టం లేదని నేననడం లేదు. ఆ నష్టం ఎంతటిదో దాని కొలతలోనే చూడాలంటున్నాను.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఆ అధ్యయనం నిర్మాణంలోనే ఉంది. ఒకే స్థాయి లీగ్‌లో ఆడుతున్న చిన్నవాళ్లనూ పెద్దవాళ్లనూ పోల్చి పరిశోధకులు ఈ తేడా పట్టుకున్నారు. స్టార్‌క్రాఫ్ట్ లీగ్‌లు గెలుపోటములను బట్టి ఏర్పడతాయి. ఓడుతూ ఉంటే కింది లీగ్‌కు జారిపోతారు. 150 మిల్లీసెకన్లు వెనకబడ్డ మనిషి చురుకైన కుర్రాడితో పాటు అదే లీగ్‌లో నిలిచాడంటే, పోగొట్టుకున్నదాన్ని మరోచోట సంపాదించుకుంటున్నాడని అర్థం. పరిశోధకులు ఆ జాడ కూడా పట్టుకున్నారు. పెద్ద వయసువాళ్లు ఆట అందించే షార్ట్‌కట్ మీటలను మరింత నేర్పుగా వాడుకుంటున్నారు, తేలిక వ్యూహాలు ఎంచుకుంటున్నారు. వయసు వల్ల వేగం తగ్గిందనడానికి సాక్ష్యంగా చూపే అధ్యయనమే, వేగం తగ్గినా ఆట తగ్గలేదనడానికీ సాక్ష్యంగా నిలుస్తోంది.

ఇంకో ప్రశ్న: తగ్గిందంటున్న ఆ వేగం మెదడు ఆలోచనా వేగమేనా? జర్మనీలో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన మిష ఫాన్ క్రౌజ, సహ పరిశోధకులు పన్నెండు లక్షల మంది ఇచ్చిన సమాధానాలను విశ్లేషించి 2022లో ఒక ఫలితం వెలువరించారు. ఇరవైల నుంచి జవాబులు ఆలస్యమయ్యే మాట నిజమే. కానీ ఆ ఆలస్యాన్ని భాగాలుగా విడదీస్తే, సమాచారాన్ని అర్థం చేసుకునే వేగం 60 ఏళ్లదాకా దాదాపు నిలకడగానే ఉంది. పెరిగినవి రెండు: తప్పు చేయకూడదన్న జాగ్రత్త, నిర్ణయమయ్యాక చేతితో చేయడానికి పట్టే సమయం. అది తేలిక పరీక్షల మీద వచ్చిన ఫలితం కాబట్టి దాన్ని యథాతథంగా ఈ-స్పోర్ట్స్‌కు అంటగట్టలేం. అయినా దాన్నుంచి ఒక హెచ్చరిక తీసుకోవచ్చు. ఆలస్యం కనబడిన ప్రతిచోటా మెదడు మందగించిందని తీర్పు చెప్పడానికి వీల్లేదు. జాగ్రత్త అలవాటుతో వస్తుంది, ఎక్కడ జాగ్రత్త పడాలో ఎక్కడ తెగించాలో సాధనతో దిద్దుకోవచ్చు.

ముందే తెలిసినవాడికి తొందర లేదు

పోగొట్టుకున్న వేగాన్ని మనిషి ఎలా పూడ్చుకుంటాడో అర్థం కావాలంటే వీడియో గేములు పుట్టకముందు నుంచీ ఉన్న టైపింగ్ దగ్గరికి వెళ్లాలి. మనస్తత్వ శాస్త్రవేత్త తిమొతీ సాల్ట్‌హౌస్ 1984లో 19 నుంచి 72 ఏళ్ల మధ్య వయసున్న టైపిస్టులను పరీక్షించాడు. వేలు టకటకా కొట్టే వేగంలో, సంకేతానికి స్పందించే వేగంలో పెద్దవాళ్లు వెనకబడే ఉన్నారు. టైపింగ్ వేగంలో మాత్రం వయసు తేడా కనబడలేదు. దీని గుట్టు వాళ్ల కళ్లలో ఉంది. వేలు ఒక అక్షరం మీద ఉండగా చూపు దానికి ఎన్ని అక్షరాల ముందుందో చూస్తే, పెద్దవాళ్ల చూపు చిన్నవాళ్ల చూపు కన్నా ముందుకు వెళ్లి ఉంది. రాబోయే అక్షరాలు కనబడకుండా కుదిస్తూ పోతే వాళ్ల వేగమే ముందుగా దెబ్బతింది. వాళ్లు గెలుచుకుంటున్న సమయమంతా ముందుచూపు ఇచ్చినదేనని దీంతో రుజువైంది.

వేగమైన బంతి ఆటల్లోనూ ఇదే కనబడుతుంది. మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియాడ్ 2000లో బ్యాటర్ల కంటి కదలికలను కొలిచారు. బ్యాటర్లెవరూ బంతిని చేయి వదిలిన దగ్గర నుంచి బ్యాటు దాకా చూపుతో వెంబడించడం లేదు. బంతి విడుదల చూసి, అది ఎక్కడ పిచ్ అవుతుందో అంచనా కట్టి, బంతి కంటే ముందే చూపును అక్కడికి దూకిస్తున్నారు. నేర్పున్న బ్యాటరు చూపు మిగతావాళ్ల కంటే ముందుగా దూకింది. చదరంగంలో ఈ సంగతి ఇంకా పాతది. విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో అయిదు సెకన్లు బల్ల చూపించి పావులను గుర్తుచేసుకుని పేర్చమన్నారు. అసలు ఆటల్లోంచి తీసిన స్థితులను గొప్ప ఆటగాడు చాలావరకు పేర్చేశాడు, కొత్తవాడు నాలుగైదు పావుల దగ్గరే ఆగిపోయాడు. పావులను అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే గొప్ప ఆటగాడి ఆధిక్యం మాయమైంది. జ్ఞాపకశక్తి ఇద్దరిదీ ఒకటే. ఆటల్లో మళ్లీమళ్లీ కనిపించే అమరికలను ఒక్కో గుత్తిగా గుర్తుపట్టే సంపద ఒకరి దగ్గర ఉంది, మరొకరి దగ్గర లేదు. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2019లోనూ, మళ్లీ 37 ఏళ్ల వయసులో 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ కావడానికి వెనక ఈ సంపదే ఉంది. గడియారం తరుముతూ ఉండే ఆటలో ఆమె తనకన్నా చాలా చిన్నవాళ్లను దాటుకుని గెలిచింది.

ఇప్పుడు లండన్ ఫైనల్ చివరి ఆటకు రండి. అందులో ఫేకర్ ఆడిన పాత్ర గాలియో. రాతి రెక్కల ఈ భారీకాయుడికి జెడ్‌లాంటి మెరుపు లేదు. వాడి పెద్ద శక్తి ఇది: మైదానంలో చాలా దూరాన ఉన్న సొంత జట్టువాణ్ని ఎంచుకుంటే, వాడున్న చోటికి ఆకాశమార్గాన వెళ్లి దిగి, అక్కడి శత్రువులను గాల్లోకి ఎగరేస్తాడు. మీట నొక్కడానికీ నేలమీద దిగడానికీ మధ్య రెండు మూడు సెకన్లు పడుతుంది. పోట్లాట మొదలయ్యాక నొక్కితే దిగేసరికి అక్కడ శవాలే మిగులుతాయి. మనవాడు ఎటు దూకబోతున్నాడో, ఎదుటివాళ్లు వాడి మీద ఏ శక్తులు వాడబోతున్నారో, రెండు సెకన్ల తర్వాత అందరూ ఎక్కడ గుమిగూడతారో ముందే తెలియాలి. ఇటువంటి పాత్రను సమయానికి దించడంలో వేలి వేగం పాలు చాలా తక్కువ. జరగబోయేది రెండు సెకన్ల ముందే చూసినవాడికి 150 మిల్లీసెకన్ల ఆలస్యం ఉన్నా దాన్ని మింగేసేంత వ్యవధి మిగులుతుంది.

దీన్నుంచి కుర్రతనంలో జెడ్, పెద్దయ్యాక గాలియో అన్న సులువైన కథ అల్లేయడం పొరపాటు. ఫేకర్ 2017 ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనే, 21 ఏళ్లకే, గాలియోను గొప్పగా ఆడాడు. లండన్‌లో దానికి ముందరి ఆటలో అతను ఎంచుకున్న సైలస్ చేతివాటం అడిగే పాత్ర. ఏ ఏడాది ఏ పాత్ర బలంగా ఉంటుందన్నది ఆటను తయారుచేసిన కంపెనీ చేసే మార్పులను బట్టి ఉంటుంది. ఈ వాస్తవాలు నా వాదనను మరింత గట్టి చేస్తున్నాయని నా అభిప్రాయం. ముందుచూపు వయసుడిగాక తెచ్చుకునే ఊతకర్ర అయితే అది 21 ఏళ్లవాడి దగ్గర ఉండాల్సిన పనిలేదు. మొదటి నుంచీ గొప్ప ఆటగాడిని గొప్పవాణ్ని చేసింది అదే. వేగం దానికి తోడుగా ఉండేది. తోడు కొద్దిగా సన్నగిల్లినా మూలధనం ఏటా పెరుగుతూనే ఉంది.

అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం అందరికీ తోచేదే. ఫేకర్ అపురూపమైన మనిషి, వేలమందిలో ఒకడు నిలబడ్డాడని మిగతావాళ్లందరి గురించీ తీర్మానించడమేమిటి? నిలిచినవాళ్లనే లెక్కపెట్టి, రాలిపోయినవాళ్లను మరిచిపోవడం గణాంకాల్లో పెద్ద తప్పే. అందుకే నా వాదన ఫేకర్ ఒక్కడి మీద ఆనుకుని లేదు. టైపిస్టులు, స్టార్‌క్రాఫ్ట్ ఆడిన మూడు వేలమంది మామూలు ఆటగాళ్లు అపురూపమైనవాళ్లు కారు. ఈ-స్పోర్ట్స్‌లోనూ అతను ఒంటరి కాడు. 2022 ప్రపంచ ఫైనల్లో టీ1ను ఓడించిన డీఆర్ఎక్స్ జట్టులో డెఫ్ట్ ఉన్నాడు. సియోల్‌లో ఫేకర్ చదివిన మాపో హైస్కూల్లోనే చదివి, అదే 2013లో వృత్తిలోకి వచ్చి, 26 ఏళ్లకు తొలి ప్రపంచ కప్పు అందుకున్నాడు. వేగానికి మారుపేరైన కాల్పుల ఆట కౌంటర్ స్ట్రైక్‌లో డెన్మార్క్ ఆటగాడు కారిగన్ 32 ఏళ్లకు 2022 ఆంట్‌వెర్ప్ మేజర్ టోర్నమెంటు గెలిచాడు. ఫైటింగ్ గేముల్లో జపాన్ ఆటగాడు టోకిడో 2017 ఈవో టోర్నమెంటు ఫైనల్లో తనకన్నా పదేళ్లకు పైగా చిన్నవాడైన పంక్‌ను ఓడించినప్పుడు అతనికీ 32 ఏళ్లే.

రెండో అభ్యంతరం ఇంకాస్త పదునైనది. కారిగన్ జట్టులో గురి చూసి కాల్చే మేటి కాడు, నాయకుడు. ఫేకర్ చుట్టూ తనకన్నా ఆరేడేళ్లు చిన్నవాళ్లున్నారు. కుర్రవాళ్ల చేతుల మీద పెద్దవాళ్లు నెట్టుకొస్తున్నారంటే కాదనగలమా? దీనికి 2023 వేసవి ఒక జవాబిచ్చింది. ఆ జులైలో చేతి నొప్పితో ఫేకర్ దాదాపు నెల రోజులు ఆటకు దూరమయ్యాడు. మిగతా నలుగురూ వాళ్లే, అతని స్థానంలో అకాడమీ జట్టు నుంచి ఒక టీనేజీ కుర్రాడు వచ్చాడు. ఆ వ్యవధిలో టీ1 ఎనిమిది మ్యాచుల్లో ఒకటే గెలిచింది. అతను తిరిగొచ్చాక లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది, నవంబరులో సియోల్‌లో ప్రపంచ కప్పు గెలిచింది. కొత్తవాడికి పెద్ద లీగ్ అనుభవం లేదు కాబట్టి దీన్ని స్వచ్ఛమైన ప్రయోగం అనలేం. కాని లేనిది ఆ అనుభవమే. వేళ్ల చురుకులో ఆ కుర్రాడికి లోటుండే వయసు కాదు. ఇక నాయకత్వమంటే అదీ ఆటలో భాగమే. ఐదుగురు కలిసి ఆడే ఆటలో ఎప్పుడు దూకాలో చెప్పేవాడి విలువను తీసిపక్కన పెట్టి, మిగిలినదాన్నే నైపుణ్యమనడానికి కారణం లేదు.

మూడో అభ్యంతరం: కంపెనీ రెండు మూడు వారాలకోసారి ఆటను మారుస్తూ ఉంటే పాత అనుభవం చెల్లని నాణెం అయిపోదా? చదరంగం బల్ల వందల ఏళ్లుగా మారలేదు, ఈ ఆట ఏటా మారుతుంది, పోలిక కుదరదని వీళ్లంటారు. ఇందులో బలముంది. ఒక పాత్ర మీద మాత్రమే పట్టు సాధించినవాళ్లు ఒక్క మార్పుతో మూలపడ్డ సందర్భాలున్నాయి. కానీ మారేవి పాత్రల బలాలు, ఆయుధాల ధరలు. మూడు దారులు, మినియన్ల రాకపోకలు, మసకలో ఉన్నవాడి కదలికను ఊహించడం, ఏ పోరాటం తీసుకోవాలి ఏది వదలాలి అన్న లెక్క, ఇవి పదేళ్లకు పైగా నిలిచి ఉన్నాయి. పదేళ్లుగా మార్పులు చూసినవాడికి మార్పును చదవడమే ఒక విద్య అవుతుంది. పోటీల్లో 70కి పైగా వేర్వేరు పాత్రలు ఆడిన మనిషికి కొత్త పాత్ర పూర్తిగా కొత్తది కాదు.

నాలుగో అభ్యంతరం ఫేకర్ జీవితంలోంచే తీయవచ్చు. 2017లో బీజింగ్‌లో ఫైనల్ 0-3తో ఓడాడు. 2018లో, 2020లో అతని జట్టు ప్రపంచ చాంపియన్‌షిప్‌కు అర్హతే సాధించలేదు. అప్పుడతని వయసు సరిగ్గా 22, 24. అధ్యయనం చెప్పిన వయసుకు పతనం వచ్చిందని, అతని కథ ముగిసిందని అప్పట్లో చాలామంది తేల్చేశారు. ఆ తర్వాత జరిగినది చూస్తే ఈ అభ్యంతరం తలకిందులవుతుంది. వయసు వెనక్కి నడవదు. 24 ఏళ్లప్పటి వెనకబాటుకు మెదడు మందగించడమే కారణమైతే 26 ఏళ్లకు ఫైనల్, 27కూ 28కూ 29కూ ప్రపంచ కప్పు రావు. పడి లేచే గీత వయసు గీయగలిగేది కాదు. జట్టు కూర్పు, కోచ్‌లు, ఆట తీరులో మార్పులు, మానసిక ఒత్తిడి, వీటికే అలా ఎగుడుదిగుడుగా నడిచే లక్షణం ఉంది.

మరి ఎందుకు తప్పుకుంటున్నారు?

చాలామంది పాతికేళ్ల లోపే తప్పుకుంటున్న మాట వాస్తవం. కారణాల్లో మొదటిది శరీరం. మణికట్టు దగ్గర ఇరుకైన సొరంగంలాంటి దారిలోంచి వేళ్లను ఆడించే స్నాయువులు, ఒక నాడి కలిసి వెళతాయి. రోజుకు పది గంటలు అదే కదలిక చేస్తే స్నాయువులు వాచి నాడిని నొక్కుతాయి, తిమ్మిరి, నొప్పి, పట్టు సడలడం మొదలవుతాయి. అమెరికా, కెనడా విశ్వవిద్యాలయాల ఆటగాళ్ల మీద 2019లో వచ్చిన ఒక సర్వేలో 36 శాతం మంది మణికట్టు నొప్పి, 42 శాతం మంది మెడ, వెన్ను నొప్పి, 56 శాతం మంది కంటి అలసట ఉన్నాయన్నారు. వైద్యుడి దగ్గరికి వెళ్లినవాళ్లు 2 శాతమే. 40 శాతం మందికి వ్యాయామమే లేదు. చైనాలో అభిమానులు నెత్తిన పెట్టుకున్న ఉజీ 2020లో 23 ఏళ్లకే తప్పుకుంటున్నట్టు చెప్పినప్పుడు చెప్పిన కారణాలు టైప్ 2 మధుమేహం, చేతి గాయం. ఇవి వయసు తెచ్చిన జబ్బులు కావు. కూర్చోబెట్టి, నిద్ర తగ్గించి, విశ్రాంతి లేకుండా ఆడించిన పద్ధతి తెచ్చినవి.

రెండోది వృత్తి నిర్మాణం. దక్షిణ కొరియాలో ఆరోగ్యవంతులైన మగవాళ్లందరూ కనీసం ఏడాదిన్నర పాటు సైన్యంలో పనిచేయాలి, ఇరవైల చివరిలోపు వెళ్లక తప్పదు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉండడంతో ఫేకర్‌కు ఆ పూర్తికాల సేవ నుంచి మినహాయింపు వచ్చింది. ఆ పతకం రాని తోటి ఆటగాళ్లకు కెరీర్ మధ్యలో తెగిపోతుంది. గణాంకాల్లో మాత్రం అది 'వయసు వల్ల రిటైర్మెంట్' కింద కలిసిపోతుంది. మన దేశంలో కారణం మరో రకం. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను ప్రభుత్వం నిషేధించింది. దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐ కూడా 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మే చివరికి గాని తిరిగిరాలేదు. ఆ పది నెలలు ఈ ఆటనే నమ్ముకున్న 21, 22 ఏళ్ల కుర్రాళ్లకు ఆడటానికి ఆటే లేదు. కొందరు చదువుల్లోకి వెళ్లారు, కొందరు వీడియోల మీద బతకడం నేర్చుకున్నారు. వాళ్లు పోటీలు వదిలిన వయసు చూసి వేళ్ల చురుకు తగ్గిందనడం అన్యాయం. వీటికి తోడు క్లబ్బుల లెక్క ఒకటుంది. పదిహేడేళ్లవాడు తక్కువ జీతానికి దొరుకుతాడు, ఎదురు చెప్పడు, ఇంటి బాధ్యతలు ఉండవు. చవకగా దొరికేవాణ్ని తీసుకునే అలవాటుకు మెదడు శాస్త్రం మంచి ముసుగు.

ఈ తేడాను పట్టించుకోవడం ఎందుకు ముఖ్యమంటే, కారణాన్ని బట్టే మందు మారుతుంది. 24 ఏళ్లకు మెదడు చెయ్యిస్తుందని నమ్మితే, ఉన్న నాలుగేళ్లలో పిండగలిగినంత పిండుకోవడమే తెలివైన పని అవుతుంది. పద్నాలుగేళ్లకు బడి మానిపించాలి, రోజుకు పన్నెండు గంటలు ఆడించాలి, నొప్పి వస్తే మాత్రలు మింగించాలి. ఈ తొందరే మణికట్టును పాడుచేసి, మనిషిని విసిగించి, 23 ఏళ్లకు ఇంటికి పంపుతుంది. అప్పుడు చూశారా, వయసైపోయిందంటారు. నమ్మకం తన రుజువును తానే తయారు చేసుకుంటోంది. అదే ఆటగాడి బలం ఏళ్ల తరబడి పోగయ్యే గుర్తింపులో, ముందుచూపులో ఉందని ఒప్పుకుంటే లెక్క మారుతుంది. ఇంటర్ పూర్తిచేసి వచ్చినవాడు ఆలస్యమైపోయినట్టు కాదు. వ్యాయామం, నిద్ర, ఫిజియోథెరపీ ఖర్చులు కాకుండా పెట్టుబడులవుతాయి. ఆడిన ఆటల రికార్డులు చూసి విశ్లేషించే గంట, మీటలు నొక్కే గంటతో సమానమవుతుంది. ఈ-స్పోర్ట్స్‌ను చట్టంలో గుర్తించిన మన దేశంలో పిల్లల్ని ఈ దారిలోకి పంపే, వద్దనే తెలుగు తల్లిదండ్రులు క్లబ్బును మొదట అడగాల్సిన ప్రశ్న రోజుకెన్ని గంటలు ఆడిస్తారు, నొప్పి వస్తే ఎవరు చూస్తారు అన్నది.

వాదన శాస్త్రీయమైనదైతే అది తప్పని తేలే దారి కూడా దానిలోనే ఉండాలి. నా వాదనకు ఆ దారి స్పష్టంగా ఉంది. క్లబ్బులు సాధన గంటలు తగ్గించి, గాయాలకు వైద్యం చూపి, కాంట్రాక్టులు పొడిగించి, ఆటలు నిషేధాలకు గురికాకుండా పదేళ్లు నిలకడగా నడిచాక కూడా ఆటగాళ్లు పాతికేళ్లకే రాలిపోతుంటే వేళ్ల వేగమే అన్నిటినీ నిర్ణయిస్తోందని ఒప్పుకోవాల్సిందే. అలా కాక పెద్ద పోటీల్లో గెలిచేవాళ్ల వయసు మెల్లగా పైకి జరిగితే, ఇన్నాళ్లూ వయసు మీద వేసిన నింద వేరేవాళ్లకు చెందాలి. ఫేకర్ 2025లో టీ1తో తన ఒప్పందాన్ని 2029 దాకా పొడిగించుకున్నాడు. అది ముగిసేనాటికి అతనికి 33 ఏళ్లుంటాయి. ఒక్కడి ఫలితం దేన్నీ రుజువు చేయదు. అయితే ఒక పెద్ద క్లబ్బు తన డబ్బును అనుభవం మీద పెట్టింది. మరిన్ని క్లబ్బులు అదే పని తమ మామూలు ఆటగాళ్ల విషయంలో చేసినప్పుడే అసలు పరీక్ష మొదలవుతుంది.